కన్నుమూయని పసిపాప – కళాశాల కర్తవ్యము

కళాశాల వార్షిక సంచికలో చంటిబిడ్డ నిద్రను గూర్చిన వ్యాసమా యని పాఠకులు కొందరు ఆశ్చర్యపడవచ్చును. దేశాభివృద్ధి, క్రమశిక్షణ, విద్యావశ్యకత, భాషా సామరస్యము మన సంచికలకు పరిచితమైన విషయములు. పసిబిడ్డ పెంపకము ఇంటిలోపలి సంగతి, దానిని అమ్మలు, అమ్మమ్మలు, నానీలు, దాదీలు చూచుకొందురు అని మనము తలంతుము. కాని స్త్రీ విద్యను గూర్చి మనము ఎన్ని వ్యాసములు వ్రాసినను, ఒక విద్యార్థినికి పెండ్లియై, బిడ్డ పుట్టి, ఆ బిడ్డ రేయింబవళ్లు కన్నుమూయక, ఆమె చదువు రెండవ సంవత్సరముతోనే ఆగిపోయినచో ఆ వ్యాసములు ఆమెకు ఏమి మేలు చేసినట్లు? హాజరుపట్టీలో ఒక పేరు ప్రక్కన వరుసగా గైర్హాజరు గుర్తులు పడుచుండును. కొంతకాలమునకు ఆ పేరే ఉండదు. ఏమైనదని అడుగువారు లేరు. కావుననే ఈ విషయము ఇంటిది మాత్రమే కాదనియు, కళాశాలది కూడ అనియు మేము భావించుచున్నాము.

మొదట విషయమును సరిగా తెలిసికొందము. పసిబిడ్డలందరు ఒకే తీరున నిద్రింపరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన సూచనల ప్రకారము మూడు నెలల లోపు శిశువునకు రోజుకు 14 నుండి 17 గంటలు, నాలుగు నుండి పదకొండు నెలల శిశువునకు పగటి కునుకులతో కలిపి 12 నుండి 16 గంటలు నిద్ర కావలెను. ఈ లెక్క వినుటకు బాగుగనే యున్నది. కాని ఆ గంటలు ఒక్కచోట కుదురుగా ఉండవు. పెద్దవారి నిద్ర సుమారు 90 నిమిషముల ఆవృత్తములుగా సాగగా, శిశువు ఆవృత్తము 50, 60 నిమిషములకే ముగియును. అందులో దాదాపు సగము కదలికలతో కూడిన తేలిక నిద్ర. రాత్రి యేదో పగలేదో తెలిపెడి దేహగతి పుట్టిన బిడ్డకు ఇంకను ఏర్పడియుండదు, రెండు మూడు నెలలకు గాని అది కుదురుకొనదు. పొట్ట చిన్నది, పాలు త్వరగా అరుగును, ఆకలి మరల లేపును. సాధారణ శిశువు సంగతియే ఇది. మేము చెప్పదలచినది అంతకు మించిన బిడ్డను గూర్చి: చేతులలో నిద్రించి, ప్రక్కపై పెట్టిన మరుక్షణము మేలుకొనెడి బిడ్డ, గంటకొకమారు లేచెడి బిడ్డ, ఎత్తుకొని తిప్పిననే గాని ఊరకుండని బిడ్డ, ఒక్క నిమిషము కనుమరుగైనను ఇల్లెగిరిపోవునట్లు ఏడ్చెడి బిడ్డ. ప్రతి వీధిలో ఇట్టి బిడ్డ ఒకడైనను ఉండును.

"అడగనిదే అమ్మయినా పెట్టదు" అని మన సామెత. మాటలు రాని బిడ్డ అడుగుట అనగా ఏడ్చుటయే. అమెరికా దేశపు శిశువైద్యుడు బెర్రీ బ్రేజెల్టన్ 1962లో 80 మంది శిశువుల ఏడుపును తల్లులచేత నమోదు చేయించి ఒక ముఖ్య విషయమును కనుగొనినాడు. ఆరోగ్యముగానున్న శిశువులు సైతము మొదటి వారములలో దినదినము ఎక్కువగా ఏడ్చుచు, ఆరవ వారము నాటికి రోజుకు సుమారు 2 గంటల 45 నిమిషములు ఏడ్చిరి. ఆ పిమ్మట తగ్గుచు మూడవ నెలకు నెమ్మదించిరి. అంతకు ముందు 1954లో మోరిస్ వెస్సెల్ అను వైద్యుడు తన సహచరులతో కలిసి మూడు మూడ్ల సూత్రమును చెప్పినాడు: రోజుకు మూడు గంటలకు మించి, వారమునకు మూడు రోజులకు మించి, మూడు వారములకు మించి ఏడ్చెడి ఆరోగ్యవంతుడైన శిశువుది కడుపునొప్పి కోవకు చెందిన ఏడుపు. అందరు శిశువులు ఏడ్తురు, కొందరు మిక్కిలి యేడ్తురు, ఆ ఏడుపునకు కారణము వైద్యునికి సైతము ప్రతిమారు దొరకదు.

స్వభావ భేదము మరియొకటి. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అను వైద్య దంపతులు 1956లో న్యూయార్కునందు ప్రారంభించిన దీర్ఘకాల పరిశీలనలో సుమారు 140 మంది పిల్లలను శైశవము నుండి గమనించిరి. వారిలో నూటికి నలుబది మంది సులభ స్వభావులు, పదునైదుగురు క్రొత్తదానికి మెల్లగా అలవడువారు, పదిమంది కష్ట స్వభావులు. నిద్రకు, ఆకలికి వేళ లేకపోవుట, క్రొత్తదనము చూచి బెదరుట, గట్టిగా ఏడ్చుట ఈ పదిమంది లక్షణములు. తక్కిన వారు ఏ కోవకు చెందని మిశ్రమ స్వభావులు. ఆ దంపతులు తేల్చిన సారమేమనగా, బిడ్డ స్వభావమును తల్లి సృష్టింపలేదు. ఆ స్వభావమునకు ఇంటివారి తీరు ఎంతవరకు పొసగినది అనునదే బిడ్డ భవిష్యత్తుకు ముఖ్యము. నూటికి పదిమంది అనగా చిన్న సంఖ్య కాదు. మన తరగతి గదిలో అరువది మంది యున్నచో వారిలో ఐదారుగురు ఒకప్పుడు తమ తల్లులను నిద్రపోనీయని బిడ్డలేయై యుండవచ్చును!

ఇంత తెలిసియు మన సమాజము నేరము తల్లిమీదనే మోపును. "నీ పాలు చాలలేదు" అని ఒకరు, "దిష్టి తగిలినది" అని ఒకరు, "నజర్ ఉతారో" అని మరియొకరు, "నీవే ఎత్తు మరిపితివి, అనుభవింపుము" అని అత్తగారు. దిష్టి తీసినందువలన తల్లి మనసుకు ఊరట కలిగినచో మేము కాదనము. ఉప్పు, మిరపకాయలు బిడ్డకు హాని చేయవు. కాని ఆ ఊరటతో తృప్తిపడి వైద్యుని యొద్దకు పోవలసిన వేళ పోకుండుట హాని. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరము వచ్చినను, పాలు త్రాగుట మానినను, మాటిమాటికి వాంతులైనను, బరువు పెరుగకున్నను, ఏడుపు తీరు మారి కీచుమన్నను ఆలస్యము చేయరాదు. అట్టివి లేనప్పుడు బిడ్డ స్వభావమే అంతయని గ్రహించి ఓర్చుకొనవలెను.

ఎత్తు మరుగుటను గూర్చి రెండు మాటలు. ఈ భయము మన అవ్వలది మాత్రమే కాదు. 1928లో జాన్ వాట్సన్ అను అమెరికా మనస్తత్వవేత్త బిడ్డలను ఎత్తి ముద్దాడవలదని శిశుపోషణ గ్రంథమునే వ్రాసినాడు. కాని 1972లో సిల్వియా బెల్, మేరీ ఐన్స్‌వర్త్ ప్రకటించిన పరిశీలనలో తొలి నెలలలో ఏడ్చిన వెంటనే ఆదరింపబడిన శిశువులు సంవత్సరాంతమునకు తక్కువగా ఏడ్చినట్లు తేలినది. ఈ నిర్ణయముపై తరువాతి పరిశోధకులు తర్కించిరి. 1986లో మాంట్రియల్ నగరమున జరిగిన పరిశోధనలో, ఏడ్వకున్నను రోజున అదనముగా ఎత్తుకొనబడిన శిశువులు ఆరు వారముల వయసున నూటికి 43 వంతులు తక్కువగా ఏడ్చిరి. అయితే అప్పటికే మితిమీరి ఏడ్చెడి శిశువుల విషయములో ఈ చికిత్స అంతగా ఫలింపలేదని తరువాత తెలిసినది. అనగా ఎత్తుకొనుట నేరమును కాదు, సర్వరోగ నివారిణియును కాదు. కాని ఎత్తుకొనుటకు చేతులు కావలెను. ఆ చేతులు ఎవరివి? మా ప్రశ్న అంతయు ఇందులోనే యున్నది.

"పూర్వకాలపు తల్లులు పదిమందిని కని పెంచలేదా?" అని పెద్దలు అడుగుదురు. పెంచినారు. కాని ఒంటరిగా పెంచలేదు. మన ఇండ్లలో పురిటి నాళ్లును, ముస్లిం కుటుంబములలో నలుబది దినముల చిల్లాయును బాలింతకు విశ్రాంతి నిచ్చుటకు ఏర్పడిన ఆచారములు. పుట్టింట అమ్మ యుండును, పినతల్లి యుండును, ఖాలా యుండును. నూనె మర్దన చేసి కాళ్లపై పరుండబెట్టి నీళ్లు పోయు ముసలమ్మ యుండును. దూలమునకు చీర ఉయ్యాల వ్రేలాడును, త్రోవన పోవు ప్రతివారును ఒక ఊపు ఊపిపోవుదురు. తెలుగు ఇండ్లలో జోలపాట, ఉర్దూ ఇండ్లలో లోరీ, రెండును ఒకే పని కొరకు పుట్టినవి. తాళ్లపాక అన్నమాచార్యుల వంటి మహావాగ్గేయకారుడు సైతము జోలపాట కట్టినాడనగా నిద్రపోని బిడ్డ ఎంత పురాతనుడో గ్రహింపవచ్చును. నేడు ఉద్యోగము కొరకు పట్టణమునకు వచ్చి రెండు గదుల అద్దె ఇంట కాపురముండు దంపతులకు ఆ దూలము లేదు, ఆ ఖాలా లేదు, ఆ ముసలమ్మ లేదు. పనులు మాత్రము అన్నియు మిగిలినవి.

పూర్వకాలమును మరీ పొగడుట కూడ తగదు. కూలికి పోవలసిన తల్లికి ఆ విశ్రాంతి ఏనాడును దక్కలేదు. బిడ్డ ఏడ్వకుండుటకు నల్లమందు నాకించి పనికి పోయిన తల్లులు మన దేశమున ఎందరో. బొంబాయి మిల్లులలో పనిచేయు స్త్రీలు తమ శిశువులకు నల్లమందు ఇచ్చుచుండిరని 1931 నాటి కార్మిక రాయల్ కమిషన్ నివేదికలోనే ప్రస్తావన కలదు. ఇది తూర్పుదేశపు అజ్ఞానమని ఎవరును అనుకొనరాదు. అమెరికాలో 1849 నుండి అమ్మకమైన శ్రీమతి విన్‌స్లో శాంతి పానకమున మార్ఫిన్ కలిసియుండెను. 1906 నాటి చట్టము వచ్చిన పిదప గాని ఆ సంగతి సీసాపై వ్రాయబడలేదు. 1851లో ఇంగ్లాండున పుట్టి మన ఇంటింట నిలిచిన గ్రైప్ వాటరులో సైతము మొదట మద్యసారము ఉండెడిది. ఆ తల్లులు దుర్మార్గులా? కారు. బిడ్డను పట్టుకొనువారు లేనిచోట నిద్రమందు ప్రవేశించును. కావున తల్లిని నిందించుట కంటె ఆమెకు తోడు కల్పించుటయే మార్గము. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీరు కూడ వలదనుచున్నది. ఇక పానకములకు, పసరులకు తావెక్కడిది?

నిద్రలేని తల్లి మాట కూడ చెప్పవలెను. వారములకొలది ముక్కలు ముక్కలుగా నిద్రించిన మనిషికి జ్ఞాపకము తగ్గును, కోపము పెరుగును, కారణము లేకయే కన్నీరు వచ్చును. కొందరిలో ఇది ప్రసవానంతర విషాదముగా పరిణమించును. దీనిని గుర్తించుటకు 1987లో ఎడిన్‌బరోలో పది ప్రశ్నల కొలమానము నొకదానిని రూపొందించిరి. నేడు పలు దేశముల వైద్యులు దానిని వాడుచున్నారు. మన ఇండ్లలో దీనికి "పొగరు" అనియో, "నాజూకు" అనియో పేరు. ఇది వ్యాధి, చికిత్స కలదు. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును. మరియొక హెచ్చరిక. ఓర్పు నశించిన క్షణమున బిడ్డను పట్టి కుదుపుట మిక్కిలి ప్రమాదకరము. అట్టి కుదుపు వలన శిశువు మెదడులో రక్తస్రావమగునని జాన్ కాఫీ అను వైద్యుడు 1972, 1974 సంవత్సరములలో వివరించినాడు. చేయి దాటుచున్నదని తోచినచో బిడ్డను వెల్లకిల సురక్షితమైన చోట పరుండబెట్టి కొన్ని నిమిషములు ప్రక్క గదికి పోవుట నేరము కాదు. అదే వివేకము. తల్లియే కాదు, తండ్రియు తెలిసికొనవలసిన విషయమిది.

తండ్రి మాట వచ్చినది గనుక మా సోదర విద్యార్థులకు ఒక విన్నపము. పాలిచ్చుట యొక్కటి తప్ప బిడ్డకు చేయు పనులలో పురుషునికి సాధ్యము కానిది ఏదియు లేదు. భుజమున వేసికొని వసారాలో తిప్పవచ్చును. గుడ్డలు మార్చవచ్చును. ఉయ్యాల ఊపవచ్చును. రాత్రి రెండు గంటల నుండి ఐదు గంటల వరకు తాను మేల్కొని భార్యను నిద్రింపనీయవచ్చును. కేంద్ర ప్రభుత్వము 1997లోనే తన పురుష ఉద్యోగులకు పదునైదు దినముల పితృత్వ సెలవు మంజూరు చేసినది. ఆ సెలవును బారసాలకో, అఖీఖాకో చుట్టములను పిలుచుటకు వాడుకొని, మిగిలిన దినములు మిత్రులతో గడిపినచో అది ఎవరికి ఉపకారము? ఇంకను పెండ్లికాని విద్యార్థులు తమ ఇంట వదినగారి బిడ్డనో, అప్పా బిడ్డనో సాయంకాలము ఒక గంట ఎత్తుకొనవచ్చును. ఆ గంటలో ఆమె నిద్రించును, లేదా ఒక పాఠము చదువుకొనును. పురుషునకు బిడ్డ పెంపకము నేర్పు పాఠశాల వేరుగా లేదు. ఇంటిలోని ఆ గంటయే పాఠశాల.

ఇక కళాశాల సంగతి. ఉద్యోగము చేయు తల్లులకు చట్టము కొంత అండగా నిలిచినది. 1961 నాటి ప్రసూతి సదుపాయ చట్టమును 2017లో సవరించి పండ్రెండు వారముల సెలవును ఇరువదియారు వారములకు పెంచిరి. ఏబది మంది లేక అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలలో శిశు సంరక్షణ కేంద్రముండవలెననియు, తల్లి రోజుకు నాలుగుమారులు పోయి బిడ్డను చూడవచ్చుననియు విధించిరి. పార్లమెంటు 2020లో ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతిలోను ఈ ఏర్పాట్లు చేర్చబడినవి. కాని విద్యార్థిని ఉద్యోగిని కాదు. ఆమె ఈ చట్టముల నీడలోనికి రాదు. పరిశోధక విద్యార్థినులకు విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2016 నియమావళిలో 240 దినముల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవునకు అవకాశమిచ్చినది. 2021 డిసెంబరులో అదే సంఘము డిగ్రీ, పోస్టు గ్రాడ్యుయేటు విద్యార్థినులకు కూడ ప్రసూతి సెలవు, హాజరు సడలింపు, పరీక్ష దరఖాస్తు గడువుల సడలింపు కల్పించు నియమములను రూపొందింపుడని ఉపకులపతులను కోరినది. కోరిక కాగితముపై నున్నది. దానిని తరగతి గది వరకు తెచ్చుట మనవంటి వారి పని.

మనది అల్పసంఖ్యాక వర్గ కళాశాల. రాజ్యాంగము 30వ అధికరణము మన వర్గములకు విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కును ఇచ్చినది. హాజరు నియమములు విశ్వవిద్యాలయమువే యైనను, ఒక గదిని ఏమి చేయవలెనో, ఒక విద్యార్థినిని ఏ దృష్టితో చూడవలెనో నిర్ణయించుటకు మన పాలకవర్గమునకు సంపూర్ణ స్వాతంత్ర్యము కలదు. బడికి రాకముందే చదువు మానిన తల్లుల కుమార్తెలు మనలో అనేకులు. వారు డిగ్రీ తరగతిలో కూర్చుండుటకే ఒక తరము పట్టినది. ఆ స్థానము ఒక బిడ్డ ఏడుపుతో ఖాళీయగుట మన సంస్థ ఆశయములకే లోటు. కావున పాలకవర్గ పెద్దలకు మా మనవులు ఇవి:

1. మహిళల విశ్రాంతి గదిలో ఒక భాగమును తెరతో వేరుచేసి, చాప, ఉయ్యాల, త్రాగునీరు, ఫ్యాను ఏర్పరచి తల్లులు బిడ్డకు పాలిచ్చుటకు కేటాయించవలెను. దీనికి గొప్ప వ్యయము లేదు.

2. తరగతుల వేళలలో బిడ్డలను చూచుటకు శిక్షణ పొందిన ఒక ఆయాను నియమింపవలెను. 1969లో మీరా మహాదేవన్ ఢిల్లీలో కట్టడపు పనివారి బిడ్డల కొరకు పని స్థలముననే డేరాలో శిశు కేంద్రమును ఆరంభించినది. ఆమె ఆరంభించిన మొబైల్ క్రెష్ సంస్థ నేటికిని పనిచేయుచున్నది. ఇటుకలు మోయు చోట సాధ్యమైనది పుస్తకములు చదువు చోట సాధ్యము కాదా?

3. ప్రసవించిన విద్యార్థిని హాజరు విషయమున 2021 నాటి సూచనను ఉదహరించుచు విశ్వవిద్యాలయమునకు కళాశాలయే స్వయముగా సిఫారసు పంపవలెను. ఆమెను కాగితము పట్టుకొని గది గదికి తిప్పరాదు.

4. ఆమె రాలేని వారములలో పాఠముల నోట్సు చేరవేయుటకు ప్రతి తరగతినుండి ఇద్దరు విద్యార్థినులను ఏర్పాటు చేయవలెను. ఈ పనికి మేమే ముందుకు వచ్చెదము.

ఆక్షేపణలు లేకపోలేదు. "ఏడాదికి ఒకరిద్దరి కొరకు ఇంత యేర్పాటా?" అని కొందరు అందురు. ఒకరిద్దరే కనిపించుటకు కారణము తక్కినవారు ముందే మానివేయుటయే. తలుపు లేని గోడను చూపి లోనికి ఎవరును రాలేదనుట న్యాయము కాదు. "ఇట్లు చేసినచో చదువు మధ్యలో పెండ్లిండ్లు పెరుగును" అని మరికొందరు. డిగ్రీ ముగిసిన తరువాతనే పెండ్లి జరుగవలెనని మేమును కోరుచున్నాము, తల్లిదండ్రులకు ఆ మాట చెప్పుచునే యున్నాము. కాని ఇప్పటికే తల్లియైన ఆమెను వెలుపల నిలిపినంత మాత్రమున మరియొకరి పెండ్లి ఆగదు. ఒక చదువు మాత్రము ఆగును. "కళాశాలలో బిడ్డ ఏడుపు వినబడిన క్రమశిక్షణ ఏమగును?" అని ఇంకొందరు. ఊరేగింపుల బాజాలకు, లౌడు స్పీకర్లకు చెదరని మన క్రమశిక్షణ పసిబిడ్డ ఏడుపునకు చెదరునని మేము నమ్మజాలము.

నిద్రలేని శైశవము శాశ్వతము కాదు. మూడు నెలలకు ఏడుపు తగ్గును, ఏడాది రెండేండ్లకు చాలమందిలో నిద్ర కుదుటపడును. మిక్కిలి మారాము చేసిన బిడ్డయే చురుకైన విద్యార్థి కావచ్చును. కాని ఆ రెండేండ్లలో తల్లి పోగొట్టుకొన్న పట్టా మరల లభించుట దుర్లభము. బిడ్డకు కావలసినది తల్లి నిద్రను, చదువును, ఆరోగ్యమును బలిగొనిన ఒంటరి సేవ కాదు. వంతులవారీగా ఎత్తుకొను పది చేతులు కావలెను. అందులో తండ్రివి రెండు, ఇంటి పెద్దలవి కొన్ని, చదువుకొన్న మన అందరివి కొన్ని. మాటలు రాని బిడ్డ ఏడ్చి అడుగును. మాటలు వచ్చిన ఆ తల్లి మాత్రము అడుగుటకు సంకోచించుచున్నది. ఆమె తరపున మేము అడుగుచున్నాము. ఈ విద్యా సంవత్సరము ముగియకమునుపే పాలకవర్గము ఆ గది తలుపు తెరచునని ఆశించుచున్నాము.